రాఫ్ట్ పునాది కింద ఏ ఇన్సులేషన్ వేయాలి? ముందు బరువు, తర్వాత నీరు, ఆపైనే వేడి లెక్క

ప్రశ్న: దగ్గరుండి సొంతంగా ఇల్లు కట్టుకుంటున్నాం. 12 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, రెండంతస్తులు. చలికాలంలో నేల పైపొర గడ్డకట్టే ప్రాంతం. బంకమట్టి నేల, గట్టి వాన పడితే తవ్విన గుంటలో నీరు ఊరుతుంది. రాఫ్ట్ (ఇల్లంతటి కిందా ఒకే కాంక్రీటు శ్లాబ్‌గా వేసే పునాది) వేసి దాని కిందే ఇన్సులేషన్ పరచమని ఇంజినీర్ చెప్పారు. ఏ రకమో మమ్మల్నే చూసుకోమన్నారు. అమ్మేవాళ్లు మూడు చూపించారు: 300 మి.మీ. తెల్ల థర్మాకోల్ (ఈపీఎస్), 300 మి.మీ. ఎక్స్‌పీఎస్ (థర్మాకోల్ జాతిదే, ఇంకా గట్టి ఫోమ్ పలక), రేకు అంటించిన 200 మి.మీ. పీఐఆర్ (పాలియురేథేన్ జాతి గట్టి ఫోమ్). వేడి ఆపడంలో మూడూ ఒకటేనంటున్నారు. అసలు ఇంటి బరువంతా థర్మాకోల్ మీద పెడితే కుంగదా? ఏది తీసుకోవాలి, ఎంత మందం వేయాలి?

సమాధానం:

ముందుగా పీఐఆర్‌ను పక్కన పెట్టేయండి. వేడి ఆపడంలో ఈ మూడింటిలో దానికి సాటి లేదు, లాంబ్డా విలువ (సరుకులోంచి వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 0.022 దగ్గర ఉంటుంది, అందుకే 200 మి.మీ.తోనే పని అవుతుందంటున్నారు. కానీ అది పొడిగా ఉండేచోట వాడే సరుకు. నేల చెమ్మ ఏళ్ల తరబడి తగులుతుంటే నీరు పీల్చుకుంటుంది, వేడి ఆపే గుణం తగ్గుతుంది. దాని మీదున్న అల్యూమినియం రేకు పచ్చి కాంక్రీటు క్షారానికి తినిపోతుంది. శ్లాబ్ పైన, స్క్రీడ్ (ఫ్లోరింగ్ కింద వేసే సిమెంటు పొర) కింద వేసుకునేవాళ్లకు అది మంచిదే. శ్లాబ్ కింద, అదీ నీరు ఊరే మట్టిలో, వద్దు.

ఇక థర్మాకోల్, ఎక్స్‌పీఎస్ మిగిలాయి. వీటిలో ఏదో ఒకటి ఎంచుకుని ఇల్లంతా పరవాలనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. ఇంటి బరువు పునాది మీద అంతటా ఒకేలా పడదు. నడిమి భాగంలో చాలా తక్కువ, గోడల కింద చాలా ఎక్కువ, కాలమ్ కింద ఇంకా ఎక్కువ. పలక కూడా ఆ బరువును బట్టే మారాలి. మీ ఇంటికి మా సలహా ఇది: నడిమి భాగమంతా ఈపీఎస్ 100 లేదా 150 రకం థర్మాకోల్, చుట్టూ అంచు బీమ్ కింద ఎక్స్‌పీఎస్ 300, కాలమ్ ఉంటే దాని కింద ఎక్స్‌పీఎస్ 500. ఈ అంకెలు మందం కాదు, పలక బలం. ఎందుకో లెక్కతో చెబుతాం.

పలక మీదున్న అంకెను జాగ్రత్తగా చదవండి. ఈపీఎస్ 100 అంటే 100 కిలోపాస్కల్ ఒత్తిడి పెట్టినప్పుడు ఆ పలక తన మందంలో 10 శాతం నొక్కుకుపోతుందని అర్థం. ఒక కిలోపాస్కల్ అంటే చదరపు మీటరుకు సుమారు 100 కిలోల బరువు అనుకోండి. 300 మి.మీ. పలకలో 10 శాతం అంటే 30 మి.మీ. అంత కుంగితే ఏ గోడా పగలకుండా నిలవదు. పైగా ఆ పరీక్ష ప్రయోగశాలలో కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, ఇల్లు మాత్రం పలక మీద యాభై ఏళ్లకు పైగా కూర్చుంటుంది. కాబట్టి మీరు వాడాల్సింది ఆ అంకెను కాదు, దీర్ఘకాలిక భారం అంకెను. 50 ఏళ్ల తర్వాత కూడా మొత్తం కుంగుడు 2 శాతం దాటకుండా ఎంత బరువు మోయగలదో అది చెబుతుంది. థర్మాకోల్‌కు అది మొదటి అంకెలో దాదాపు 30 శాతం: ఈపీఎస్ 100కు 30 కిలోపాస్కల్, 150కి 45, 200కి 60, 300కి 90. ఎక్స్‌పీఎస్ ఇంకాస్త మెరుగు: 300 రకానికి సాధారణంగా 130, 500 రకానికి 180. ఒక్కో తయారీదారుది ఒక్కోలా ఉంటుంది కాబట్టి కాగితం అడిగి చూడాల్సిందే. యూరప్ ప్రమాణాల ప్రకారం తయారైన సరుకైతే ఆ కాగితంలో సీసీ(2/1.5/50)130 లాంటి కోడ్ కనిపిస్తుంది. మొత్తం కుంగుడు 2 శాతం లోపు, అందులో కాలక్రమేణా వచ్చేది 1.5 శాతం లోపు, 50 ఏళ్లకు, 130 కిలోపాస్కల్ వరకు అని దాని అర్థం. ఆ కోడ్ లేకుండా ఒట్టి 300 అని మాత్రమే రాసి ఉంటే, ఇంటి గోడ కింద వేయడానికి ఆ సమాచారం చాలదు.

ఇప్పుడు బరువు చూద్దాం. నడిమి భాగంలో 250 మి.మీ. శ్లాబ్ బరువు 6.25 కిలోపాస్కల్, ఫ్లోరింగ్‌కు ఒకటిన్నర, మనుషులు, సామాన్లకు రెండు. అంతా కలిపి 10 కిలోపాస్కల్, అంటే చదరపు మీటరుకు ఒక టన్ను. ఈపీఎస్ 100 మూడు టన్నులు మోస్తుంది కాబట్టి నడిమి భాగంలో ఎక్స్‌పీఎస్ వేయడం డబ్బు దండగ. ఇంటి బరువు థర్మాకోల్ మీద పెడితే కుంగదా అని అడిగారు కదా, ఈ భాగం వరకు భయమే అక్కర్లేదు.

అంచు దగ్గర కథ మారుతుంది. రెండంతస్తుల బయటి గోడ, దాని మీదకు వచ్చే ఫ్లోరు, కప్పు కలిపి మీటరు పొడవుకు 60 కిలోన్యూటన్లు, అంటే ఆరు టన్నులు అనుకుందాం. గోడ మందం 200 మి.మీ. కాంక్రీటు లోపల బరువు 45 డిగ్రీల వాలుగా పరుచుకుంటుంది. గోడ సరిగ్గా శ్లాబ్ అంచునే ఉంటుంది కాబట్టి లోపలి వైపుకే పరుచుకోగలదు, బయటి వైపు చోటు లేదు. శ్లాబ్ 250 మి.మీ. ఉంటే 450 మి.మీ. వెడల్పు మీద పడుతుంది: 133 కిలోపాస్కల్, శ్లాబ్ సొంత బరువుతో 140 దగ్గర. ఈపీఎస్ 300 మోయలేదు, ఎక్స్‌పీఎస్ 300 కూడా మోయలేదు. అదే అంచును 400 మి.మీ. లోతు, 600 మి.మీ. వెడల్పు బీమ్‌గా చేస్తే 60ని 0.6తో భాగించగా 100, సొంత బరువు, ఫ్లోరు భారం కలిపి 112. ఎక్స్‌పీఎస్ 300కున్న 130లో ఇది ఇముడుతుంది.

కాలమ్ ఉంటే దానికి విడిగా లెక్క వేయాలి. 15 టన్నుల కాలమ్, అడుగు ప్లేటు 200 మి.మీ. చదరం అనుకోండి. అక్కడ కాంక్రీటును 400 మి.మీ. లోతు చేస్తే బరువు మీటరు చదరంలో పరుచుకుంటుంది. 150, దాని మీద సొంత బరువు, ఫ్లోరు భారం, మొత్తం 163 కిలోపాస్కల్ దగ్గర. 180 మోసే ఎక్స్‌పీఎస్ 500 ఆ చదరం కింద పడాలి. కాలమ్ సంగతి మరిచిపోయి ఇల్లంతా ఒకటే పలక పరిచేసిన ఇళ్లలో మొదటి పగుళ్లు సరిగ్గా కాలమ్ చుట్టూనే వస్తాయి.

ఈ 45 డిగ్రీల లెక్క సరుకును వడపోయడానికే పనికొస్తుంది, కట్టడానికి చాలదు. గోడ అంచున ఉన్నప్పుడు ఒత్తిడి 600 మి.మీ. అంతటా సమంగా ఉండదు, బయటి అంచున ఎక్కువవుతుంది. పలక, కంకర, మట్టి మూడూ ఎంతెంత నొక్కుకుంటాయో కలిపి ఇంజినీర్ శ్లాబ్‌ను లెక్క కట్టాలి, ఊచలు దాన్ని బట్టే వస్తాయి. రకం మీరే చూసుకోండని ఆయన అనడం ఇక్కడ సరికాదు. పలక ఎంచుకున్నాక దాని దీర్ఘకాలిక భారం అంకె, స్థితిస్థాపకత అంకె (బరువుకు ఎంత నొక్కుకుంటుందో లెక్కించడానికి వాడేది) రెండూ ఆయన చేతికిచ్చి, వాటితో లెక్క చేసి సంతకం పెట్టమని అడగండి. గట్టి నేల అనుకుని వేసిన డిజైన్ కింద తర్వాత పలకలు దూరిస్తే ఆ డిజైన్ చెల్లదు.

కుంగడం గురించి ఇంకొక్క మాట. అంతటా ఒకేలా రెండు మూడు మి.మీ. దిగితే ఇంటికి ఏమీ కాదు. అంచు 6 దిగి నడుమ 1 దిగితేనే చిక్కు. శాతం ఒకటే అయినా మందం పెరిగే కొద్దీ మి.మీ.లు పెరుగుతాయి: 300లో 2 శాతం 6 మి.మీ., 150లో 3. అందుకే ఎక్కువ బరువు పడే అంచు కింద మందం తక్కువగా, గట్టి పలక ఉండటం అన్నివిధాలా మేలు.

ఇక మందం. నేల మీదున్న ఇంటికి వేడి నష్టం లెక్కించే ప్రమాణం ఈఎన్ ఐఎస్ఓ 13370. ఆ పద్ధతిలో మీ కొలతలకు, బంకమట్టికి, లాంబ్డా 0.035 ఉన్న పలకకు వేసి చూస్తే ఇలా వస్తుంది. ఇన్సులేషన్ ఏమీ లేకపోతే యూ విలువ (ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరులోంచి పోయే వాట్లు) 0.57 దాకా ఉంటుంది. 100 మి.మీ. వేస్తే 0.20, 200 వేస్తే 0.13, 300 వేస్తే 0.09. లోపలికీ బయటికీ సగటున 15 డిగ్రీల తేడా ఉందనుకుంటే మొదటి 100 మి.మీ. నిరంతరం 650 వాట్ల నష్టాన్ని ఆపుతుంది. రెండో 100 ఆపేది 135 వాట్లు. మూడో 100 మరో 60 వాట్లు, అంతే. ఇంటి కింద ఉన్న మట్టి కూడా కొంత ఇన్సులేషన్‌గా పనిచేస్తుంది కాబట్టే ఇలా వేగంగా తగ్గిపోతుంది. వేడి లెక్క ఒక్కటే చూస్తే మీకు 200 చాలు. శ్లాబ్‌లోనే వేడినీటి గొట్టాలు వేసేట్టయితే శ్లాబ్ ఇంటి గాలికంటే వెచ్చగా ఉంటుంది, నష్టం పెరుగుతుంది, అప్పుడు 300కి అర్థం ఉంది.

అయినా మీకు 300 వేయమనే చెబుతాం. దానికి కారణం కంకర మట్టం. అంచు బీమ్ శ్లాబ్ కంటే 150 మి.మీ. లోతు. నడుమ 300 ఇన్సులేషన్, అంచు కింద 150 అయితే రెండింటి అడుగూ ఒకే మట్టానికి వస్తుంది, కంకర మొత్తం చదునుగా ఒకేసారి కొట్టుకోవచ్చు. నడుమ 200 వేస్తే అంచు కింద 50 మాత్రమే మిగులుతుంది, లేదా చుట్టూ మెట్టులా కాలువ తవ్వి, ఆ ఇరుకులో విడిగా కంకర కొట్టి, మట్టం చూడాలి. దగ్గరుండి సొంతంగా కట్టుకునేవాళ్లకు ఆ మెట్టు దగ్గరే పని చెడుతుంది. ఇరుకులో రోలర్ పట్టదు, మూలలు సరిగా గట్టిపడవు, గోడ బరువంతా పడేది అక్కడే. పలక మీద పెట్టే అదనపు ఖర్చు చదునైన అడుగుకు పెట్టిన ఖర్చనుకోండి.

అందుకే 150 మి.మీ. చొప్పున రెండు పొరలుగా ఆలోచించండి. కింది పొరలో చుట్టూ 600 మి.మీ. పట్టీ ఎక్స్‌పీఎస్, నడుమ థర్మాకోల్. పై పొర నడుమ మాత్రమే, అంచుకు 600 మి.మీ. ఇవతలే ఆగిపోతుంది. ఆ ఖాళీలోకే బీమ్ కాంక్రీటు దిగుతుంది. కాలమ్ దగ్గర కూడా అంతే, మీటరు చదరం పై పొర వదిలేసి కింద ఎక్స్‌పీఎస్ 500 వేయాలి. మీ కొలతలకు నడిమి భాగం 95 చదరపు మీటర్లు, రెండు పొరలకు 190, అంటే 28.5 ఘనపు మీటర్ల థర్మాకోల్. 2400 × 1200 మి.మీ. పలకలైతే వృథాతో కలిపి 70. అంచు పట్టీ 25 చదరపు మీటర్లు, 1250 × 600 ఎక్స్‌పీఎస్ పలకలు 36. చుట్టూ నిలువుగా నిలబెట్టే అంచు పలకలకు 550 మి.మీ. ఎత్తున 24 చదరపు మీటర్ల పైన పడుతుంది, మూలలు కలుపుకుని 26 తెప్పించండి.

ఆ నిలువు అంచును ఎవరూ పట్టించుకోరు. నిజానికి చలి ఇంట్లోకి వచ్చేది అక్కడినుంచే. శ్లాబ్ అంచు బయటికి కనబడుతుంటే కింద ఎంత మందం వేసినా గోడ మొదట్లో నేల చల్లగా ఉండి, లోపలి మూలల్లో చెమ్మ పట్టి బూజు వస్తుంది. శ్లాబ్ అడుగునున్న పలక, అంచున నిలబెట్టిన పలక, గోడ బయటి ఇన్సులేషన్, ఈ మూడూ ఎక్కడా తెగకుండా ఒకదానికొకటి ఆనుకోవాలి. డ్రాయింగ్ మీద పెన్సిల్‌తో ఇన్సులేషన్ గీత గీయండి. పెన్సిల్ ఎత్తకుండా ఇంటి చుట్టూ తిరిగి రాగలిగితే సరిపోయినట్టే. నేల పైన బయటికి కనబడే భాగానికి సిమెంటు బోర్డు గానీ మెష్ వేసిన ప్లాస్టరింగ్ గానీ తప్పనిసరి. లేకపోతే ఎండకు పొడిగా రాలుతుంది, ఎలుకలు కొరుకుతాయి. చెదలకూ చీమలకూ ఇది తిండి కాదు గానీ దారి తొలుచుకోవడానికి మెత్తగా ఉంటుంది. చెదలున్న చోట సన్నని స్టీలు మెష్ లేదా చెదల మందు కలిపి తయారైన పలకలు అడగండి.

గడ్డకట్టే నేల గురించి తప్పక ఆలోచించాలి. మామూలు ఇంటి కింద మట్టి ఇంటి వేడికి కాస్త వెచ్చగా ఉంటుంది. మీరు 300 మి.మీ. ఇన్సులేషన్ పరిచాక ఆ వేడి కిందికి దిగదు. కాబట్టి శ్లాబ్ అంచు కింద మట్టి లోతుగా గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. బంకమట్టి, ఒండ్రు మట్టి గడ్డకట్టేటప్పుడు కింది నుంచి నీటిని పైకి లాక్కుని ఉబ్బి శ్లాబ్‌ను ఎత్తేస్తాయి, కరిగాక కుంగుతాయి. దీనికి మందు, అంచు నుంచి బయటికి పట్టీలా ఎక్స్‌పీఎస్ పరచడం. మందం 50 నుంచి 100 మి.మీ., వెడల్పు 600 నుంచి 1200 మి.మీ., ఇంటి నుంచి బయటికి వాలుగా, పైన కనీసం 300 మి.మీ. మట్టి. మూలల్లో చలి రెండు వైపుల నుంచి కొడుతుంది కాబట్టి అక్కడ వెడల్పు పెంచాలి. ఖచ్చితమైన కొలత మీ ప్రాంతపు చలి తీవ్రతను బట్టి ఈఎన్ ఐఎస్ఓ 13793 పద్ధతిలో ఇంజినీర్ ఇస్తారు. ఆ పట్టీ కింద కూడా గడ్డకట్టని శుభ్రమైన కంకరే ఉండాలి.

నీటి మాటకొస్తే, గుంటలో నీరు ఊరుతుందని రాశారు. ఎక్కువకాలం నీళ్లలో మునిగి ఉంటే థర్మాకోల్ తన పరిమాణంలో కొన్ని శాతం నీరు పీల్చుకుంటుంది, ఎక్స్‌పీఎస్ ఒక శాతం కూడా పీల్చుకోదు. ఈ తేడా చూసి అంతా ఎక్స్‌పీఎస్ వేసేద్దాం అనిపిస్తుంది. కానీ నీళ్లలో ఇల్లు కట్టి మంచి పలక కొనడం కంటే ముందు నీటిని పంపించడం చవక. కంకర పొర అడుగు మట్టానికి చుట్టూ 100 మి.మీ. చిల్లుల పైపు వేయండి, జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) చుట్టండి, 200కి 1 వాలు ఇచ్చి పల్లంలోకి వదలండి. నీరు ఎప్పుడూ పలక అడుగు కంటే కిందే ఉండాలి. పల్లమే లేదు, నీరు వెళ్లే దారే లేదు అంటే ఇంటి మట్టం పెంచాలి. అదీ కుదరకపోతే ఫోమ్ గ్లాస్ కంకర ఆలోచించండి.

ఫోమ్ గ్లాస్ కంకర అంటే గాజును నురుగులా పొంగించి ముక్కలు చేసిన సరుకు. తడిసినా ముక్క లోపలికి నీరు పోదు, చెదలకు లొంగదు, కంకర పనీ ఇన్సులేషన్ పనీ ఒక్కటే చేస్తుంది. కానీ గట్టిగా కొట్టాక లాంబ్డా 0.08 దగ్గర ఉంటుంది. థర్మాకోల్ 200 మి.మీ. చేసే పనికి ఇది 460 మి.మీ. దాకా కావాలి. కొడితే 1.3 వంతు నుంచి ఒక వంతుకు దిగుతుంది కాబట్టి వదులుగా 600 మి.మీ. పోయాలి. మీ ఇంటికి 70 ఘనపు మీటర్ల పైన సరుకు లారీల్లో దిగుతుంది. ఒక్కసారి 300 మి.మీ. మించకుండా పోసి కొట్టాలి, కిందా పైనా జియోటెక్స్‌టైల్ వేయాలి. నీరు మొండికేసిన చోట ఇది మంచి దారి. డ్రైనేజీ కుదిరే చోట పలకలే మేలు.

ఇక పరచడం. పైమట్టి అంతా తీసేసి, బంకమట్టి మీద జియోటెక్స్‌టైల్ వేసి, శుభ్రమైన కంకర 150 మి.మీ. పొరలుగా ప్లేట్ కంపాక్టర్‌తో కొట్టండి. మొత్తం 300 మి.మీ. అనుకుంటే ఇంటి అంచుకు బయట కూడా కనీసం 300 మి.మీ. వరకు ఉండాలి, లేకపోతే గోడ బరువు మట్టిలోకి పరుచుకోవడానికి చోటు ఉండదు. పైన 30 నుంచి 50 మి.మీ. సన్న చిప్స్ లేదా ఇసుకతో మట్టం చేయండి. మూడు మీటర్ల అల్యూమినియం పట్టీ పెట్టి చూస్తే ఎక్కడా 5 మి.మీ. మించి ఎగుడుదిగుడు ఉండకూడదు. ఈ పనికి ఒక రోజు ఎక్కువ పట్టినా పట్టనివ్వండి. పలక వేసి దాని మూల మీద నిలబడండి. ఊగిందంటే కింద ఖాళీ ఉంది, ఎత్తి సరిచేయండి. కాంక్రీటు పడ్డాక సర్దుకుంటుందిలే అని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. ఆ ఖాళీ మీద పలక వంగుతుంది, దాని పైన శ్లాబ్ ఆధారం లేకుండా వేలాడుతుంది.

మురుగు పైపులు, నీటి పైపులు పలకల కిందున్న కంకరలోనే పరవండి, పలకలోంచి నిట్టనిలువుగా మాత్రమే పైకి రావాలి. పలకను అడ్డంగా గాడి కోసి పైపు పడుకోబెడితే అక్కడ మందం పోతుంది, అంచు బీమ్ కిందైతే బలమూ పోతుంది. పైపు చుట్టూ సందును తక్కువ ఉబ్బే ఫోమ్‌తో నింపండి. మెత్తని పీవీసీ వైరు గానీ షీటు గానీ థర్మాకోల్‌కు నేరుగా తగలకూడదు. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే రసాయనం థర్మాకోల్‌లోకి దిగి, వైరు పెళుసవుతుంది, పలక కరుగుతుంది. పెట్రోలు, థిన్నర్ ఉన్న జిగురు, థిన్నర్‌తో పల్చన చేసిన తారు ప్రైమర్ ఒక్క చుక్క పడినా గుంట పడుతుంది. మిక్సర్‌లోకి, వైబ్రేటర్‌లోకి ఇంధనం పోసేది ఎప్పుడూ గుంట బయటే.

పై పొర కీళ్లు కింది పొర కీళ్ల మీద పడకూడదు, కనీసం 200 మి.మీ. జరగాలి. 5 మి.మీ. మించిన సందులను ముక్కలతో, ఫోమ్‌తో పూడ్చండి, లేదంటే సిమెంటు పాలు కారి అక్కడ వేడి తప్పించుకునే దారి, అంటే చలి వంతెన, అవుతుంది. బూడిదరంగు థర్మాకోల్ కొంటే లాంబ్డా 0.031 వస్తుంది, మంచిదే, కానీ ఎండలో పెడితే పలకలు వంకర తిరుగుతాయి. తెల్ల గుడ్డ కప్పే ఉంచాలి, ఉదయం పూట పరవాలి.

పాలిథీన్ షీటు పలకల పైన, శ్లాబ్ కింద వస్తుంది. నేలలోంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వచ్చే ప్రాంతమైతే మామూలు షీటు కాదు, దానికోసమే చేసిన మందపాటి పొర కావాలి. కీళ్ల దగ్గర 150 మి.మీ. పైన ఒకదాని మీదొకటి వేసి బ్యుటైల్ టేపుతో అంటించండి, పైపుల చుట్టూ కాలరు తొడిగి టేపు వేయండి. ఊచల కింద మామూలు నాలుగు కాళ్ల చైర్లు పెడితే కాళ్లు షీటును చీల్చి థర్మాకోల్‌లోకి దిగిపోతాయి. అప్పుడు ఊచ కింద 40 మి.మీ. కాంక్రీటు కవర్ ఉండాల్సిన చోట 15 మిగులుతుంది. ఊచ చెమ్మకు దగ్గరై తుప్పు పడుతుంది. అడుగు వెడల్పుగా పొడుగ్గా ఉండే పట్టీ స్పేసర్లు తెప్పించండి. ఊచలు కట్టేవాళ్లు నడవడానికి చెక్కలు వేయండి.

వాన భయం కాంక్రీటు పడేదాకా వదలదు. 300 మి.మీ. థర్మాకోల్ చదరపు మీటరుకు ఎనిమిది కిలోలు కూడా ఉండదు. గుంటలో నీరు నిండితే అదే చదరపు మీటరు 300 కిలోల బలంతో పైకి తేలుతుంది. పరిచిన పలకలు, షీటు, ఊచలు అన్నీ కలిపి లేచిపోతాయి. శ్లాబ్ పడ్డాక దాని 625 కిలోల బరువు అదుపులో పెడుతుంది. అందుకే పలకలు పరచడం, ఊచలు కట్టడం, కాంక్రీటు పోయడం మధ్య ఎక్కువ రోజులు పెట్టకండి. చిల్లుల పైపు ముందే వేసి పనిచేస్తోందో లేదో చూసుకోండి, గుంట మూలలో మోటారు పెట్టి ఉంచండి.

కాంక్రీటు పోసే రోజు అంచు పలకల మీదే కళ్లు పెట్టండి. 400 మి.మీ. లోతు కాంక్రీటు అంచును మీటరుకు 200 కిలోల బలంతో బయటికి తోస్తుంది. వాటి వెనక చెక్క షట్టరింగ్ కట్టి మేకులు దిగ్గొట్టాలి, లేదా ముందే బయట మట్టి నింపి కొట్టి ఉండాలి. అంచు బీమ్‌ను ఒకేసారి నింపకుండా రెండు దఫాలుగా చుట్టూ తిరుగుతూ పోయండి. పంపు గొట్టం ఎత్తునుంచి ఒకేచోట వదలొద్దు, వైబ్రేటర్ సూది షీటుకు తగలనివ్వొద్దు. కీళ్లలోంచి ఏదైనా పలక పైకి తేలినట్టు కనిపిస్తే వెంటనే ఆపి, కాంక్రీటు తోడి, పలకను మళ్లీ కూర్చోబెట్టాకే ముందుకు వెళ్లండి.

ఆర్డరు ఇచ్చే ముందు అమ్మేవాళ్ల దగ్గర మూడు కాగితాలు తీసుకోండి: దీర్ఘకాలిక భారం అంకె, నీటిలో ఎక్కువకాలం ఉంచినప్పుడు ఎంత పీల్చుకుంటుందో చెప్పే పరీక్ష ఫలితం, ఇంటి పునాది కింద వాడొచ్చని తయారీదారు రాసిచ్చిన మాట. లారీ దిగినప్పుడు ఒక్కో కట్ట మీద లేబుల్ చూసి ఆ అంకెలతో సరిపోల్చండి. ఈపీఎస్ 100, 150 రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. అనుమానం వస్తే ఒక పలకను తూకం వేయండి. ఈపీఎస్ 100 ఘనపు మీటరుకు 20 కిలోల దగ్గర, 150 రకం 25 దగ్గర ఉంటుంది. మీ 2400 × 1200 × 150 పలక 0.43 ఘనపు మీటరు. 100 రకమైతే ఎనిమిదిన్నర కిలోలు, 150 రకమైతే పదకొండు దాకా తూగాలి. ఆరు కిలోలే తూగితే కట్ట విప్పకుండా లారీ వెనక్కి పంపేయండి.